నాన్న జేబు చప్పుడు

చిన్నప్పుడు క్యారేజీ పట్టుకుని పంపుహౌసుకు వెళితే, నాన్న కనిపించే ముందు ఆయన చొక్కా జేబు వినిపించేది. మోటారు మీద చెయ్యి వేసే ముందు మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి జేబులో వేసుకునేవాడు. నడిస్తే అవి టక్కుటక్కుమనేవి. ఆ బరువుకు చిరిగిన జేబును అమ్మ తిట్టుకుంటూ కుట్టేది.

"బల్ల మీద పెడితే ఎవరో ఒకరు తెచ్చి బిగించేస్తారమ్మా. తీసినవాళ్లే పెట్టాలి," అని నాన్న నాతో అనేవాడు.

ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. నిన్న రాత్రి మోటారు ఆగిపోయింది. ఒక ఫ్యూజు పోయి మోటారు ఆగినా మిగతా రెండిట్లో కరెంటు ఉంటుందని నాకు తెలుసు. వాచ్‌మన్‌ను బయటే ఉంచి తలుపు గడియ పెట్టాను. నిద్రమత్తులో ఉన్నాను. టార్చి వెలుగులో ఒరుసుకుపోయిన తీగ కనబడగానే పట్టుకుని టేపు చుట్టేశాను. తర్వాత అలవాటుగా జేబు తడుముకున్నాను. ఖాళీ.

ఫ్యూజులు తీయడమే మరిచిపోయాను! ఫ్యూజుల పెట్టె దగ్గరికి పరుగెత్తి మూత తెరిచాను.

మూడు ఫ్యూజులూ లేవు.

మోటారు వెనక చీకట్లో టక్కుమంది. కాసేపాగి, మళ్లీ టక్కుటక్కుమంది.

"అయిపోయిందా అక్కా? ఫ్యూజులు పెట్టెయ్యి మరి!" బయట నుంచి వాచ్‌మన్ కేకేశాడు.

నా సంచిలో కొత్తవి ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. టార్చి ఆర్పేసి, నాన్న కూర్చునే స్టూలు పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"తీసినవాళ్లే పెట్టాలి తమ్ముడూ," అన్నాను. "తొందరేం లేదు."