సోరెన్ పాసయ్యాడు

అక్షరదోషాలుంటే మన్నించండి. పాలు పితికిన చేతులివి, డెబ్బై దాటాక కలం పట్టాయి. ఒక్కో వాక్యం అయ్యేసరికి పక్కనున్న కాఫీ చల్లారిపోతుంది. ఇదివరకు నేనేం రాసినా ఒక కుర్రాడు దిద్దిపెట్టేవాడు. ఇది మాత్రం దిద్దకుండానే పంపుతున్నాను.

"పోతే పోనీ," అన్నాడు డ్వెయిన్, వేయించిన చేప మీద నిమ్మకాయ పిండుతూ. "మన చిన్న కాలేజీల పోటీల కూటమి వదిలేసి పెద్ద కాలేజీల కూటమిలో కలుస్తారట మిల్‌ఫర్డ్ హిల్ కాలేజీ దొరలు! అక్కడ వాళ్ళని తొక్కి నార తీస్తారు చూడు."

"పోయేలోపు రేపొక్క ఆట ఉంది బావా," అన్నాడు వర్లిన్. "ఆ తర్వాత మన టామరాక్ కాలేజీ, ఆ మిల్‌ఫర్డ్ హిల్ ఒకే మైదానంలో దిగేది ఉండదు. రేపెవరు గెలిస్తే పాల క్యాను వాళ్ళకే. ఇక శాశ్వతంగా."

ఆ క్యాను తుప్పుపట్టిన మామూలు క్యానే. దానికోసం రెండు కాలేజీలూ, బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే మా ఫుట్‌బాల్‌లో, మా తాతల నాటినుంచి కొట్టుకుంటున్నాయి. వర్లిన్ చదువుకునే రోజుల్లో ఆఖరి నిమిషంలో బంతి జారవిడిచి దాన్ని పోగొట్టింది అతనే. ఊళ్ళో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎవరూ మరిచిపోనూ లేదు.

శుక్రవారం సాయంత్రం కావడంతో హోటలు కిటకిటలాడుతోంది. పక్క బల్ల దగ్గర నేను ఒక్కదాన్నే కూర్చున్నాను.

"చదువులో మాత్రం వాళ్ళు మన కాలిగోటికి సరిపోరు," అన్నాడు డ్వెయిన్. "అక్కడ పేరు తప్పుల్లేకుండా రాస్తే సీటిచ్చేస్తారు. మన పిల్లలు పొద్దున కెమిస్ట్రీ, సాయంత్రం బంతి. మన సోరెన్‌కి ఎందులోనైనా ఒక్క మార్కు తగ్గిందా? ఆగస్టులో ఆ బొమ్మల పరీక్ష ఒకటి తప్ప. కాబోయే డాక్టరుగారు అందులో అందరికన్నా వెనక!"

"నిద్రకళ్ళతో చేశాడులే," అన్నాడు వర్లిన్.

లెనోరా నవ్వలేదు. ఆమె వర్లిన్ భార్య, డ్వెయిన్‌కి చెల్లెలు. ఆమె ముందున్న చేప అలాగే చల్లారిపోతోంది. చూపు తలుపు మీదే ఉంది.

పోయిన శనివారం ఆటలో ఆమె కొడుకు సోరెన్ తల నేలకు కొట్టుకుంది. లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు. నేరుగా నడిచివెళ్ళి అవతలి జట్టు మధ్యలో నిలబడ్డాడు. జనం తమాషా అనుకుని నవ్వారు.

"వాడు ఆడకపోతే మాత్రం క్యాను మీద ఆశ వదులుకోవడమే," అన్నాడు డ్వెయిన్. "ఆ రెండో కుర్రాడు బంతి విసిరితే చర్చి కప్పు మీద పడుద్ది."

"ఇవాళ్టి పరీక్ష పాసైతేనే ఆడతాడు," అన్నాడు వర్లిన్. "కోచ్ బతిమాలినా అంతే, నువ్వు బతిమాలినా అంతే. నా కొడుకు తలకన్నా క్యాను ఎక్కువా?"

లెనోరా అప్పుడు మొగుడి వైపు తిరిగింది. "ఆ పరీక్షని నమ్మొచ్చా?"

"కంప్యూటరు లెనోరా, దానికి మొహమాటాలుండవు. మాటలూ బొమ్మలూ చూపిస్తుంది, కాసేపాగి ఏవి గుర్తున్నాయో అడుగుతుంది. ఆటలు మొదలవకముందు ఒకసారి పెడతారు. దెబ్బ తగిలాక మళ్ళీ పెడతారు. రెండూ ఒకలాగే వస్తే తల బాగున్నట్టు. తగ్గితే బెంచీ మీదే."

"ఒకవేళ తగ్గితే?"

"నేనే ఇంటికి తీసుకొచ్చేస్తా. సరేనా?"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

సోరెన్ వచ్చాడు. బయట పొద్దు వాలిపోయింది, అయినా కళ్ళకి నల్లద్దాలున్నాయి. హోటల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"పాస్," అన్నాడు. "అప్పటికీ ఇప్పటికీ తేడా లేదంట."

ఒక్కసారిగా బల్లలు దరువెత్తాయి. ఎవరో కాలేజీ పాట అందుకున్నారు. సోరెన్ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, నవ్వుతూనే వచ్చి నా ఎదుట కూలబడ్డాడు. నాకు అక్షరాలు నేర్పింది ఇతనే, కాలేజీ తరఫున ప్రతి మంగళవారం వచ్చి.

"ఆర్లిస్ గారూ, మొన్న పాఠం ఎక్కడ ఆపాం?"

"ఉత్తరం రాయడం దగ్గర బాబూ."

తలూపాడు. నా పళ్ళెంలో బంగాళాదుంప ముక్క ఒకటి తీసుకున్నాడు. తినకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఆర్లిస్ గారూ, మొన్న పాఠం ఎక్కడ ఆపాం?"

ఏడిపిస్తున్నాడనుకున్నాను. "గురువుకే గుర్తులేకపోతే నా గతేంటయ్యా?" అన్నాను. అతనూ నవ్వాడు. కాస్త ఆలస్యంగా.

లెనోరా వచ్చి కొడుకు భుజం తట్టింది. "లే నాన్నా, ఇంటికి పోయి పడుకుందువుగాని." వెళ్ళేముందు వంగి మొగుడి నెత్తిన ముద్దుపెట్టింది. "నువ్వు గట్టిగా నిలబడ్డావు కాబట్టి నా ప్రాణం కుదుటపడింది," అంది.

తల్లీకొడుకులు తలుపు దాటారు. సోరెన్ గడప దగ్గర ఒకసారి తూలి, తల్లి భుజం పట్టుకోవడం కిటికీలోంచి కనిపించింది.

డ్వెయిన్ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు బావా. వాడు పరీక్ష తప్పి ఉంటే నిజంగా ఆపేవాడివేనా?"

"వాడెందుకు తప్పుతాడు?" వర్లిన్ తాపీగా వేళ్ళు తుడుచుకున్నాడు.

"అంత నమ్మకమేంటి నీకు?"

వర్లిన్ తలుపు వైపు ఒకసారి చూసి ముందుకు వంగాడు.

"ఆగస్టు పరీక్షలో వాడిచేత కావాలని తప్పులు పెట్టించింది నేనే."

— ఆర్లిస్ నట్సన్, డెబ్బై ఆరేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది లెనోరా ఇంట్లో, మంచం పట్టిన సోరెన్ పక్కగదిలో.