హ్యాండిల్ పట్టే పద్ధతి

“రేపు పొద్దున ఒక్క తిప్పుకే స్టార్టవ్వాలి. పదిమందిలో నా పరువు తీశావో, ఊరుకోను!” అన్నాడు షోరూం యజమాని, పాత ట్రాక్టరు బానెట్ మీద చెయ్యేసి.

“అవుతుందండీ. హ్యాండిల్ ఎవరు తిప్పుతారు?” తలెత్తకుండా అడిగాడు మెకానిక్.

“ఇంకెవరు? నేనే. మా తాతగారి బండి కదా!”

మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ బండి ఏ తాతగారిదీ కాదు, సాక్షాత్తూ మెకానిక్ నాన్నది. ప్రదర్శనలో పెడతానని రెండు రోజులకి అడిగి తీసుకెళ్ళి, రసీదని చెప్పి అమ్మకం కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇదిగో, ఎర్రరంగు కొట్టించి అద్దాల గదిలో నిలబెట్టుకున్నాడు ఈ పెద్దమనిషి. నాన్న మూడుసార్లు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. నాలుగోసారి మానేశాడు. “పోనీలేరా, ఇనుమే కదా” అన్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా కొడుక్కి నాన్న మీద కూడా కోపం వచ్చేది. ఉప్పూ కారం తినే మనిషికి ఆ మాత్రం రోషం ఉండొద్దూ!

ఇన్నాళ్ళకి ఇంజను మొండికేసింది. దాన్ని లొంగదీసే కిటుకు తండ్రీ కొడుకులిద్దరికే తెలుసు. అందులో కొడుకుని పిలిపించాడు యజమాని. ఎవరి కొడుకో తెలిసే పిలిపించాడు. సిగ్గనేది ఉంటేగా!

యజమాని లోపలికి వెళ్ళగానే మెకానిక్ పనిలో దిగాడు. పెట్రోలు పైపులు కడిగాడు, ప్లగ్గులు గీకాడు. అంతా ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేశాడు. ఆఖర్న, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో దగ్గరికి వచ్చాడు. దాని అంచు మీద ఒక గాటు, ఇంజను మీద ఇంకో గాటు. రెండూ నాన్న ఆకురాయితో పెట్టినవే. అవి ఎదురెదురుగా ఉంటే రవ్వ సమయానికి పడుతుంది. ముందే పడిందో, తిప్పేవాడి మీదికే హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది.

చిన్నప్పుడు నాన్న చెప్పిన మొదటి పాఠం అదే. “బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలిరా. చుట్టూ వేసి పట్టుకున్నావనుకో, తన్నిందంటే వేలూ మణికట్టూ రెండూ పోతాయి.”

ఏసీ గదిలో కూర్చునేవాడికి ఈ పాఠం ఎవరు చెప్పి ఉంటారు? మెకానిక్ మాగ్నెటోని వేలెడు పక్కకి జరిపి బోల్టు బిగించాడు. “తిప్పు బాబూ, తిప్పు” అనుకున్నాడు పళ్ళ బిగువున. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

తెల్లారేసరికి షోరూం ముందు జనం కిటకిటలాడుతున్నారు. మెకానిక్ వెనకగా నిలబడ్డాడు. యజమాని మైకు పట్టుకుని తాతగారి గురించి పావుగంట దంచాడు. వినేవాళ్ళకి కళ్ళు చెమ్మగిల్లాయి కూడా.

“నేనే స్టార్ట్ చేద్దామనుకున్నాను. కానీ రాత్రి నాకో ఆలోచన వచ్చింది. తాతగారి హయాంలో ఈ బండి నడిపిన డ్రైవర్ ఇంకా ఉన్నాడు. కారు పంపి పిలిపించాను. ఆయన చేత్తోనే తిప్పిద్దాం!”

కారులోంచి ఉతికిన చొక్కాతో నాన్న దిగాడు. బండిని ఒక్కసారి చూసుకోవచ్చని వచ్చాడో ఏమో, దాన్ని చూస్తూనే నిలబడిపోయాడు. చప్పట్లు మోగిపోయాయి.

నాన్న డ్రైవరా! మెకానిక్ కళ్ళు ఎర్రబడ్డాయి. మరుక్షణం హ్యాండిల్ గుర్తొచ్చింది. ఆ చేతులిప్పుడు గ్లాసు పట్టుకున్నా వణుకుతాయి.

“నాన్నా! ఆగు! తిప్పకు!” జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు. బ్యాండు మోతలో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు. ముందు వరసలో కాపలావాళ్ళు ఇద్దరు రెక్క పట్టుకుని ఆపేశారు.

నాన్న హ్యాండిల్ దగ్గరికి వెళ్ళలేదు. పాత అలవాటు. ముందు ఇంజను పక్కకి వెళ్ళి వంగాడు, మాగ్నెటో అంచుని గోటితో తడిమాడు. ఒక గాటు దొరికింది. రెండోది ఉండాల్సిన చోట లేదు. మళ్ళీ తడిమాడు. అప్పుడు తలెత్తి జనంలో వెతికి వెతికి కొడుకు దగ్గర చూపు ఆపాడు.

కొడుకు తల దించుకున్నాడు. అయిపోయింది. పోనీలేరా అనే మనిషి, ఇప్పుడే స్పానర్ అడిగి సరిచేసేస్తాడు. చేతిదాకా వచ్చింది కాస్తా జారిపోయింది.

“ఏం పెద్దాయనా, తిప్పు మరి!” అన్నాడు యజమాని.

బ్యాండు ఆగింది. నాన్న చెయ్యి తుడుచుకుని మైకు ముందుకొచ్చాడు.

“తాతగారి బండి... మనవడు మీరుండగా నేను ముట్టుకోవడమేంటండీ? ఆ గౌరవం మీదే.”

జనం ఈలలు వేశారు. యజమాని ఉబ్బితబ్బిబ్బయిపోయి చొక్కా చేతులు పైకి మడిచాడు. కెమెరాల వైపు నవ్వుతూ వంగి హ్యాండిల్ అందుకున్నాడు. తెలిసో తెలియకో, అతని బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంది.

నాన్న వంగి ఆ పట్టుని పరీక్షగా చూశాడు.

“అలా కాదు బాబూ, జారిపోతుంది” అన్నాడు ఎంతో ప్రేమగా. “బొటనవేలు చుట్టూ వేసి గట్టిగా పట్టుకోండి.”