పొట్లాల చదువు

“బీరువా నిండా పుస్తకాలు పెట్టుకోని, పొట్లాలు చదివి కథలు నేర్చుకున్నానని రాస్తావా? నలుగురిలో నా మొగం యాడ పెట్టుకోవాల?” సంజీవయ్య అడగడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

“చదివింది చదివినట్టు రాస్తాండా,” అంది భార్య రామేశ్వరమ్మ, చింతపండు పిసుకుతూ.

వారపత్రిక వాళ్లు ఉత్తరం రాశారు. పేరున్న రచయితలు ఏం చదివి రచయితలయ్యారో వారానికొకరితో రాయిస్తున్నారట. ఆళ్లగడ్డలో అడిగింది ఆమెనొక్కదాన్నే. సంజీవయ్య తెలుగు అయ్యవారు. నంద్యాలకు పోతే పుస్తకం కొనకుండా బస్సెక్కడు. ఇరవై ఏళ్లుగా కథలు పంపుతున్నాడు. తను జతచేసిన స్టాంపు కవర్లలోనే అవి తిరిగొచ్చేవి. వాటిని, అంగడికి తూకానికి పోయే పాత పేపర్ల మధ్యకు తోసి మళ్లీ ముట్టేవాడు కాదు. ఏడో తరగతి చదివిన పెళ్లాం కథలేమో, ఈ 1998 వేసవికి తొమ్మిది అచ్చయ్యాయి.

“గురవయ్య అంగట్లో బెల్లం కట్టిచ్చే కాగితమే నాకు బడి. కథ సగంలో చినిగిపోయుంటాది. మిగతాది పొయ్యికాడ నేనే అల్లుకుంటాంటి. అట్లనే వచ్చె రాయను,” అందామె. “చేతిరాత కాగితాలైతే పెట్టెలో దాచుకున్నా.”

“చేతిరాతా? ఎవురిది?”

“ఒకాయప్పది. ఎత్తుకునేది శానా బాగెత్తుకుంటాడు. ముగించనే చేతగాదు.”

ఆ మాటతో ఆమె మొహంలోకి వచ్చిన నవ్వు సంజీవయ్య కంటబడింది. ఆమెకేం అర్థమవుతాయని తన కథలు ఏనాడూ చూపించినవాడు కాదు. అయినా పీట లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

“ఈ ఊరోడేనా?”

“ఈ ఊరే.”

“చూసినావా?”

“దినామూ చూస్తాండా.”

“పేరేంది?”

“ఆ పేరు నేను చెప్పగూడదు.”

అతను లేచిపోయి వరండాలో కూర్చుని, ఊళ్లో కాగితం మీద కలం పెట్టే మగవాళ్లందరినీ తలుచుకున్నాడు. హోమియో డాక్టరుకు అంత తీరిక లేదు. పోస్టుమాస్టరు మాత్రం రెండుసార్లు తనే ఇంటికొచ్చి ఆమె ఉత్తరాలు ఆమె చేతికే ఇచ్చిపోయాడు, నవ్వుతూ.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. సంజీవయ్య ముద్ద కలిపాడు గాని నోట పెట్టలేదు.

“ఏందిరా, పులుసు పుల్లగుండాదా?” అంది తల్లి సుంకమ్మ.

“పుల్లగుండేది పులుసు కాదులే.”

రామేశ్వరమ్మ గరిటె కింద పెట్టింది. “పత్రికకు జవాబు రాసేసినా,” అంది మెల్లగా. “ఇంకమీద నా కథలకు ఇద్దరి పేర్లుంటాయి. నాదీ, ఆయప్పదీ.”

సంజీవయ్య కంచంలోనే చేయి కడిగేశాడు.

“రెండో పేరేందిమా?” కూతురు లావణ్య అడిగింది.

“సంజీవయ్య,” అంది రామేశ్వరమ్మ, పెండ్లయినాక మొదటిసారి.