పదిహేనో పేరు

క్యాచ్ చేజారింది.

బంతి నేరుగా చేతుల్లోకే వచ్చింది. కానీ ఆ క్షణాన వీరాంజనేయులు ఆవులిస్తున్నాడు.

దాంతో జర్మనీలోని ఎర్లాంగెన్ తెలుగు క్రికెట్ జట్టు ఆ ఏడాది ఆఖరి మ్యాచ్ ఓడిపోయింది. పై డివిజన్‌కి వెళ్ళే అవకాశం వరుసగా మూడోసారి తప్పింది.

జనవరిలో, బయట మంచు కురుస్తుండగా, జట్టు కెప్టెన్ రంగనాథ్ ఇంట్లో ముగ్గురు కూర్చున్నారు. లీగ్‌కి పంపే జాబితాలో పదిహేను పేర్లకే చోటు. ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అని రెండు గంటలుగా వాదన. టీ మూడోసారి వచ్చింది.

"విక్రాంత్ అని ఒక కుర్రాడు ఎమ్మెస్‌కి వచ్చాడు. హైదరాబాద్‌లో లీగ్ ఆడాడట. వాణ్ని తీసుకోవాల్సిందే," అన్నాడు చంద్రకాంత్.

"మరి ఎవరిని తీసేద్దాం?" అన్నాడు రంగనాథ్.

"అడగాల్నా అన్నా? ఆవులింతల అంజన్నను," అన్నాడు అఖిలేష్. జట్టులో అందరికన్నా చిన్నవాడు, ఇంకా చదువుకుంటున్నాడు.

చంద్రకాంత్ పకపకా నవ్వాడు.

"పెద్దాయన్ని అలా అనకూడదురా," అన్నాడు రంగనాథ్.

"పెద్దాయనైతే ఇంట్ల పండుకోమను. స్లిప్‌ల నిలబడి పండుకుంటే ఎట్ల అన్నా? మనం పొయ్యేటాల్లకే బెంచీ మీద గురక పెడుతుంటడు."

"ఈ జర్మన్లని చూసైనా నేర్చుకోవాలి," అన్నాడు చంద్రకాంత్. "మనం వెళ్ళేసరికి పిచ్ మీద మ్యాట్ పరిచి, మేకులు కొట్టి, చుట్టూ జెండాలు పాతి ఉంటాయి. ఈ మూడేళ్ళలో ఒక్క ఆదివారమైనా ఆలస్యమైందా? పనంటే అదీ!"

"మెల్లగా మాట్లాడుకోండి, పాప లేచిందంటే మళ్ళీ పడుకోదు," అంటూ రంగనాథ్ భార్య సుభద్ర వచ్చింది. కప్పులు తీస్తూ ఆగింది. "అవునూ, ఆయనకి ఇక్కడ ఎవరున్నారండీ?"

పార్సిళ్ళ గోదాములో పనిచేస్తాడని తప్ప ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

పదిహేనో పేరు కొట్టేసి, పక్కన విక్రాంత్ అని రాశారు.

మర్నాడు పొద్దున పూజ అయ్యాక రంగనాథ్ పటం ముందు అలాగే నిలబడ్డాడు.

"స్వామీ, ఈ ఏడైనా మా జట్టుకి ఒక పనికొచ్చే మనిషిని పంపు తండ్రీ."

హారతి కళ్ళకద్దుకుని వీరాంజనేయులుకి ఫోన్ చేశాడు. విషయం చెప్పాడు.

"పోనీ, జాబితాలో ఊరికే ఉండనా అండీ? ఆడకపోయినా పర్లేదు. మంచినీళ్ళు అందిస్తాను."

"చోటు లేదండీ వీరాంజనేయులు గారూ. ఏమీ అనుకోకండి."

"అబ్బే, అనుకోడానికేముందండీ. బెర్లిన్‌లో మంచి పనుందని ఏడాదిగా పిలుస్తున్నారు. ఆదివారాలు మన ఆట ఉందని వెళ్ళలేదు. ఇక సరేనంటాను."

పోయిన ఏడాదంతా కలిపి ఆయన చేసినవి తొమ్మిది పరుగులు. దానికోసం ఎవరైనా ఉద్యోగం వదులుకుంటారా? రంగనాథ్‌కి ఆ అనుమానం రాకపోలేదు. కానీ ఆఫీసుకి టైమవుతోంది. అడగకుండానే సైకిలెక్కాడు.

ఏప్రిల్ వచ్చింది. మొదటి మ్యాచ్.

తొమ్మిదింటికి జట్టు గ్రౌండ్‌కి చేరింది.

మ్యాట్ లేదు. జెండాలు లేవు. తడి గడ్డి మధ్య సిమెంటు పిచ్ బోసిగా ఉంది.

"గ్రౌండ్ ముసలాయన ఇంకా నిద్ర లేచినట్టు లేడు," అన్నాడు చంద్రకాంత్.

గ్రౌండ్ చూసుకునే జర్మన్ పెద్దాయన హెర్ క్రూగర్ ఇల్లు పక్కనే. వెళ్ళి గంట కొడితే ఆయన భార్య వచ్చింది. ఆయన చర్చికి వెళ్ళాడని చెప్పి షెడ్ తాళంచెవి చేతిలో పెట్టింది.

మ్యాట్ మూడు ముక్కలుగా చుట్టి ఉంది. ఒక్కో ముక్కని ఇద్దరు దొర్లించాల్సి వచ్చింది. పరిస్తే ముడతలు పడింది. లాగి మళ్ళీ పరిచారు. చుట్టూ మేకులు కొట్టారు. జెండాలు పాతారు. అవతలి జట్టు బెంచీ మీద కూర్చుని చూస్తూనే ఉంది.

ఆట గంట ఆలస్యంగా మొదలైంది. అందుకు రెండు పాయింట్లు పోయాయి.

నడుం పట్టేసిన రంగనాథ్ స్లిప్‌లో నిలబడ్డాడు. విక్రాంత్ మొదటి ఓవర్ బాగానే వేశాడు. రెండో ఓవర్లో బంతి బ్యాట్ అంచుకి తగిలి నేరుగా రంగనాథ్ చేతుల్లోకి వచ్చింది.

ఆ క్షణాన అతను ఆవులిస్తున్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

విరామంలో హెర్ క్రూగర్ వచ్చాడు. చర్చికి వేసుకెళ్ళిన కోటు ఇంకా విప్పలేదు.

"ఇవాళ మ్యాట్ పరవలేదేం?" చంద్రకాంత్ జర్మన్‌లో మర్యాదగానే అడిగాడు.

ముసలాయన వింతగా చూశాడు.

"నేనా? నేనెప్పుడు పరిచాను? నా పని తాళంచెవి ఇవ్వడం వరకే. మీ మనిషి శనివారమే వచ్చి తీసుకెళ్ళేవాడు. తెల్లారి అయిదున్నరకల్లా సైకిల్ మీద దిగేవాడు. ఒక్కడే. వానొచ్చినా సరే. ఏడీ ఆయన? ఒంట్లో బాలేదా?"

"బెర్లిన్ వెళ్ళిపోయాడు," అన్నాడు రంగనాథ్.

"అయ్యో. ఒకసారి అడిగాను కూడా, సాయానికి ఇంకెవరినైనా పిలవరాదా అని."

"ఏమన్నాడు?"

"వాళ్ళ ఇళ్ళల్లో చిన్నపిల్లలున్నారు, వారమంతా అలిసిపోయి ఉంటారు, ఆదివారం ఒక్క పూటైనా పడుకోనివ్వండి అన్నాడు."