పక్క సీటు

యాకోబు తన మెకానిక్ షెడ్డు తలుపు తీయగానే ఎదురుగా ఎర్ర కారు నిలబడి ఉంది.

రెండే సీట్ల విదేశీ స్పోర్ట్స్ కారు. అరవైతొమ్మిది జనవరిలో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద అలాంటి బండి కనిపించడమే వింత. యాకోబుకు మాత్రం వింతలు చూసే ఓపిక లేదు.

నిన్న తెలంగాణ ఊరేగింపుకని పోయిన తమ్ముడు తీతు ఇంకా ఇంటికి రాలేదు. పోలీసులు పట్టుకుపోయారేమోనని ఠాణాల చుట్టూ తిరిగి తిరిగి యాకోబు కాళ్లు అరిగిపోయాయి. తెల్లారగానే భార్య ఎలీశమ్మ దవాఖానాలు వెతకడానికి పోయింది. తీతు వస్తే ముందు షెడ్డుకే వస్తాడని యాకోబు ఇక్కడ కాపు కాస్తున్నాడు.

"బండి ఎడమకి లాగేస్తోందండీ," అన్నాడు కారులోని పెద్దమనిషి. "బెజవాడ దాకా వెళ్లాలి. దారంతా మంచు. చక్రాలు కాస్త సరిచేసి పెట్టండి."

ఆంధ్రా మాట. యాకోబు ముఖం ముడుచుకుంది. ఆ మనిషి కళ్లు కూడా నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. ఆ రోజుల్లో ఎవరు కంటి నిండా నిద్రపోయారు కనక!

వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి చూశాడు. ముందు చక్రం బాగా పక్కకు తిరిగి ఉంది.

"దేనికి గుద్దిన్రు సారు?"

"మలక్‌పేటలో రోడ్డుకి అడ్డంగా రాళ్లు పెట్టారు. వాటి మీద నుంచే ఎక్కించేశాను."

"బండ్లు ఆగాల్నని పెట్టిన రాళ్లు సారు అవి. ఆగొచ్చు గద?"

"ఆగే వీల్లేకపోయింది."

యాకోబుకు ఒళ్లు మండింది. ఆ రాళ్ల దగ్గర నిలబడేది తీతులాంటి పిల్లలే. కోపం దిగమింగుకుని, కారు కింద దూరి స్టీరింగ్ రాడ్డు కొంచెం తిప్పాడు.

"మనిషి బరువు పడితేగని తెల్వదు. నేను పక్కన కూసుంట, జర నడుపుండ్రి."

ఎడమ తలుపు తీశాడు. సీటు మీద శాలువా పరిచి ఉంది.

"వద్దండీ!" పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ సీట్లో కూర్చోకండి."

యాకోబు తన నూనె బట్టలు చూసుకున్నాడు. ఊళ్లో పటేలు అరుగు కింద చెప్పులు చేత పట్టుకుని నిలబడే నాయన గుర్తొచ్చాడు.

"మాసొంటోళ్లు కూసుంటే మైల పడ్తదా?"

"అయ్యో, అది కాదండీ. సీటు ఇంకా ఆరలేదు..."

"సమజైంది. నీ బండి నాతోని కాదు. తీస్కపో!"

ఆయన చెయ్యి చాచి ఎడమ తలుపు మూసుకుని, ఇంజను స్టార్ట్ చేశాడు. చెప్పే ఓపిక ఆయనకూ లేనట్టుంది. కారు ఎడమకు లాగుతూనే మంచులో కలిసిపోయింది.

కాసేపటికి ఎలీశమ్మ రిక్షా దిగి పరుగున వచ్చింది.

"దొరికిండు! తీతు పెద్ద దవాఖానల ఉన్నడు. లాఠీ దెబ్బకు తలకాయ పలిగింది గని, పానానికి బయం లేదంట. ఇంకొంచెం ఆల్చెమైతే దక్కకపోతుండెనంట!"

యాకోబు అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఎవలు తోల్కపోయిండ్రే?"

"ఎవరో ఆంధ్ర సారంట. పేరు చెప్పలే. బతుకుతడని డాక్టరు చెప్పేదాంక మంచం కాడికెల్లి లేవలేదంట."

కన్నీళ్లు తుడుచుకుంటూ ఆమె మళ్లీ అంది:

"కారు సీటంత మన తీతు నెత్తురైతే, పొద్దుగాల దవాఖాన నల్లా కాడ ఆయనే కడుక్కొని, తడి సీటు మీద శాలువా ఏసుకొని పోయిండంట."