వాన పెట్టె

బస్టాండులో ఇనుప పంజాతో బహుమతులు లాగే మిషన్లను నింపడం నా పని. ఒకప్పుడు బొమ్మలే పెట్టేవాళ్లం. ఇప్పుడు వాన కూడా అందులోంచే లాక్కోవాలి. కొబ్బరికాయంత పెట్టె అది. మిషన్లోంచి బయటపడ్డాక గంటలోపే, ఎక్కడుంటే అక్కడ, ఎకరం మేర అటూ ఇటూగా కురుస్తుంది.

ఖరీదైనది బొమ్మల అడుగున పెట్టాలని కంపెనీ మాట. ఆ పొద్దున పెట్టె పెడుతుంటే అద్దం అవతల దీనమ్మ నిలబడింది. నా కళ్లం పక్కనే ఆమె మిరపచేను, నీళ్లందక తల వేలేసింది.

"బాబాయ్, కాస్త అంచుకు జరపవా? ఇట్టాగే ఉంటే నా చేను పొయ్యిలోకే."

"నా కళ్లంలో మిరపకాయ ఆరబోసుంది గదే. నీ వాన గట్టు చూసి ఆగుద్దా?"

"నీ కాయ నేనెత్తుతాలే. ముందు జరుపు."

జరిపాను. రెండో పట్టుకే పెట్టె ఊడిపడింది. దాన్ని ఒళ్లో కట్టుకుని దీనమ్మ ఆటో ఎక్కింది. నాకు కాలు నిలవక, మిషనుకు తాళమేసి బండి మీద వెనకే బయల్దేరాను.

వెళ్లేసరికి దీనమ్మ, ఇచ్చిన మాట ప్రకారం నా కళ్లంలో ఒంగి, కాయ బస్తాలకెత్తుతోంది. పెట్టె ఇంకా ఒళ్లోనే ఉంది. సరిగ్గా మా నెత్తిమీద మబ్బు కమ్ముకుంటోంది.

"ఒసే దీనమ్మా, కాయ వదిలెయ్! ఆ పెట్టె తీసుకుని నీ చేలోకి పరిగెత్తు!"