గరిటె దెబ్బ

ఒరేయ్ గిటారోడా,

ఇరవై ఏళ్లుగా నా గోడవతల మీ బ్యాండు రేకులు చింపినట్టు మోగుతోంది. నీకు బట్టతలొచ్చింది గానీ బుద్ధి రాలేదు. నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నా, అందుకే ఈ కార్డు.

కిందటేడు మీరు ఆల్బం రికార్డు చేస్తుంటే మా ఆవిడ, అదే మీ అత్తయ్య, గరిటెతో గోడ బాది, "ఆపండ్రా వెధవల్లారా!" అని అరిచింది. అదీ పాటలో పడింది. మొన్న నీ డ్రమ్ములోడు వచ్చి మాకు వినిపించాడు. "అత్తయ్యకి మాట పడిపోయింది కదా మావయ్యా, ఆ అరుపు ఉంచితే బాగోదు, తీసేస్తాం" అన్నాడు.

మీ మర్యాద ఎవడిక్కావాలి? మొన్న అది వింటూ, ఆ తిట్టుతో పాటే ఆవిడ పెదాలు కదిపింది. పక్షవాతం వచ్చాక అదే మొదలు.

తీశావంటే ఊరుకోను. ఉంచుతున్నానని శుక్రవారంలోగా చెప్పు. నోటితో వద్దు, గోడ బాది చెప్పు. ఆవిడా వింటుంది.